డెబ్బై వేలు, మూలనున్న డబ్బా

కనుమ నాడు మా ఇంట్లో గారెలు ఆలస్యమైనా సర్దుకుంటారు గానీ వాదన ఆలస్యమైతే ఊరుకోరు. ఈ ఏడు అది కంప్యూటర్ మీద పడింది. మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఆటలాడుకునే కంప్యూటర్ కొనిస్తానని పోయిన పరీక్షలప్పుడు నోరు జారాను. 70 వేలు, పైసా ఎక్కువ లేదని హద్దు కూడా గీశాను. పండక్కి ముందు తను స్నేహితురాలిని వెంటేసుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి పోయి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు కొట్లు తిరిగి కొటేషన్ రాయించుకొచ్చింది. మా బావమరిది ఇరవై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కలే కంప్యూటర్లు బిగించి బతుకుతున్నాడు. మేనమామ ఉండగా పరాయి కొట్లో కొటేషనా అన్నది అతని అసలు బాధ. ఆ ఒక్కటీ తప్ప మిగతావన్నీ అన్నాడు. డబ్బు నాది, మాటలు వాళ్ళవి. నేను వింటూ కూర్చున్నాను.

మామయ్య: ఏదీ, చదువు.

అమ్మాయి: రైజెన్ 5 7600 ప్రాసెసర్. బీ650 మదర్‌బోర్డు. డీడీఆర్5 ర్యామ్ 16 జీబీ, ఒకటే స్టిక్. ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, 6 జీబీది. 500 జీబీ ఎస్ఎస్‌డీ. ముందు అద్దం, నాలుగు రంగుల ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్. ఎస్ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటు ఫ్రీ. మొత్తం 70 వేల 400.

మామయ్య: తెర ఏదీ?

అమ్మాయి: ఇంట్లో ఉందిగా. నాన్న లెక్కలు చూసుకునేది.

మామయ్య: సరే. ఆడే ఆటలేంటి?

అమ్మాయి: రోజూ వాలొరాంట్. సెలవుల్లో సైబర్‌పంక్, వూకాంగ్. ఆ తరవాత జీటీఏ 6.

మామయ్య: జీటీఏ 6 2026 నవంబరు 19న అంటున్నారు, అదీ ప్లేస్టేషన్‌కీ ఎక్స్‌బాక్స్‌కీ. పీసీ మాటే ఎత్తలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

అమ్మాయి: సోమలింగాన్ని పక్కన పెట్టు. నా లెక్క సూటిగా ఉంది మామయ్యా. పునాది ఇప్పుడు గట్టిగా వేసుకుంటా. ఏఎమ్5 సాకెట్ కొత్తది, 2027 దాకా అందులోకి కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఏఎమ్‌డీ వాళ్ళే చెప్పారు. వచ్చే ఏడు ఇంటర్న్‌షిప్ డబ్బులు రాగానే పెద్ద కార్డు పెట్టుకుంటా. కార్డు మార్చడం ఐదు నిమిషాల పని. బోర్డు మార్చాలంటే అంతా విప్పాలి.

మామయ్య: అంటే పెరిగే పిల్లాడికని రెండు సైజులు పెద్ద చొక్కా కొని, ఈ ఏడంతా చేతులు మడిచి తిరగమంటావు. మొన్న భోగి నాడు మీ అమ్మ వాకిట్లో ముగ్గు వేసింది కదా. చుక్కలు పెట్టిందెవరు?

అమ్మాయి: అమ్మ.

మామయ్య: రంగులు నింపింది?

అమ్మాయి: నేనూ, పక్కింటి పిల్లలూ. నడుములు పడిపోయాయి.

మామయ్య: ఆటలోనూ అంతే. శత్రువు ఎక్కడున్నాడు, తూటా ఎటు పోయింది, ఏ గోడ కూలింది, ఇవన్నీ లెక్క కట్టి, ఎక్కడ ఏం గీయాలో చుక్కలు పెట్టి చూపించేది ప్రాసెసర్. గీతలు కలిపి రంగు నింపేది గ్రాఫిక్స్ కార్డు. 1080 తెర మీద 20 లక్షల 73 వేల గళ్ళుంటాయి. 1440 తెర మీద 36 లక్షల 86 వేలు. వాకిలి పెద్దదైతే చుక్కలు పెట్టేవాడి పని దాదాపు అంతే ఉంటుంది, నడుము విరిగేది రంగులు వేసేవాడికి. నువ్వు చుక్కలకి పేరుమోసిన వాణ్ణి పెట్టి, రంగులకి మూడేళ్ళ పిల్లని కూర్చోబెట్టావు. సైబర్‌పంక్‌లో ఆ 3050 రంగులు నింపేదాకా నీ 7600 గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది.

అమ్మాయి: మరి వాలొరాంట్? అది చిన్న ముగ్గు, రంగులు తక్కువ. కానీ సెకనుకి రెండు వందల సార్లు చెరిపి మళ్ళీ వెయ్యాలి. అక్కడ అలిసిపోయేది చుక్కలు పెట్టేవాడే. కౌంటర్ స్ట్రైక్ 2 కూడా అలాంటిదే. నేను ఏడాదిలో పది రోజులు ఆడే ఆట కోసం కార్డు కొని, మూడు వందల రోజులు ఆడే ఆటకి ప్రాసెసర్ తగ్గించుకోవాలా?

(మా బావమరిది గారె తుంచడం ఆపాడు. తన ముగ్గునే తనకి తిప్పి వేసి చూపించడం అతనికి నచ్చిందో లేదో గానీ నాకు నచ్చింది.)

మామయ్య: మాట నిజమే. కానీ సెకనుకి రెండు వందలు వేసి ఎవరికి చూపిస్తావు? నాన్న తెర 60 హెర్ట్జ్‌ది. సెకనుకి అరవై సార్లే మారుతుంది, అంటే 16 మిల్లీసెకన్ల పైచిలుకుకి ఒకసారి. మిగిలిన నూట నలభై ముగ్గులూ పూర్తిగా చూడకుండానే చెరిపేసినట్టు. 144 హెర్ట్జ్ తెరైతే 7 మిల్లీసెకన్లకోసారి మారుతుంది. వాలొరాంట్ ఆడేదానికి మొదట కొనాల్సింది తెర. నీ కొటేషన్‌లో లేనిది అదే. అడిగితే తన మొత్తం పెరిగిపోతుందని కొట్టువాడు అడగడు.

అమ్మాయి: అడగలేదు. నిజమే.

మామయ్య: ఆట ఏదో తేల్చుకో. దానికి తెర ఏదో తేల్చుకో. ఆ తెర నింపే కార్డు ఏదో, ఆ కార్డుకి చుక్కలు అందించే ప్రాసెసర్ ఏదో చూసుకో. కొట్లో మాత్రం ప్రాసెసర్ నుంచి మొదలుపెట్టి కిందికి రాస్తారు. కింది వరసకి వచ్చేసరికి డబ్బు అయిపోతుంది. అందుకే అక్కడ ఫ్రీ అన్న మాట కనిపిస్తుంది.

అమ్మాయి: సాకెట్ సంగతికి నువ్వు జవాబు చెప్పలేదు. 2017లో ఏఎమ్4 సాకెట్ ఉన్న బీ350 బోర్డు కొన్నవాళ్ళు బయోస్ మార్చుకుని, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీని అదే బోర్డులో పెట్టుకున్నారు. ఐదేళ్ళు! ఇంటెల్ వాళ్ళ పన్నెండో తరం బోర్డు పద్నాలుగో తరంతో ఆగిపోయింది, 2024లో సాకెట్టే మార్చేశారు. పునాది చూసి కొనుక్కున్నవాళ్ళు బాగుపడ్డారు కదా.

మామయ్య: బాగుపడ్డారు. కాదనను. ఆ ఏఎమ్4 లాంటిది ఇంతవరకూ నేను చూడలేదు. కానీ వాళ్ళు కొన్నప్పుడు ర్యామ్ ఇంత లేదమ్మా. పోయిన దసరా నుంచి ధరలు చూస్తున్నావా?

అమ్మాయి: చూస్తున్నా. రెట్టింపు దాటింది.

మామయ్య: ప్రపంచంలో ర్యామ్ చిప్పులు ముఖ్యంగా మూడు కంపెనీలవే, శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్ల వాళ్ళు సంచులతో వచ్చి నిలబడ్డారు. ఫ్యాక్టరీలు వాళ్ళవైపు తిరిగాయి. మైక్రాన్ అయితే మనలాంటివాళ్ళకి అమ్మే క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తున్నామని డిసెంబరులో చెప్పేసింది. కొట్లో పొద్దున చెప్పిన ధర సాయంత్రానికి ఉండటం లేదు, బంగారం కొట్టులా తయారైంది. ఇలాంటప్పుడు డీడీఆర్5 తప్ప ఒప్పుకోని సాకెట్ పట్టుకున్నావు. అందుకేగా ఒక్క స్టిక్‌తో సరిపెట్టాడు!

అమ్మాయి: రెండోది తరవాత వేసుకోవచ్చన్నాడు.

మామయ్య: ఒంటెద్దు బండి అది. ర్యామ్ జోడీగా ఉంటేనే రెండు దారుల్లోంచీ సరుకు వస్తుంది. ఒక్కటే పెడితే సగం దారి మూసుకున్నట్టే. ఈ మాట ఇరవై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నా.

(ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. నాకూ తరవాతే దాని విలువ తెలిసింది.)

అమ్మాయి: సరే, 70 వేలల్లో పెద్ద కార్డు ఎలా వస్తుంది? నువ్వే చెప్పు.

మామయ్య: సెకండ్ హ్యాండ్. నా దగ్గరే మంచి కార్డులు రెండున్నాయి. కొత్తదాని ధరలో సగం.

(ఇతని కొట్లో సగం వ్యాపారం సెకండ్ హ్యాండ్ సరుకే. సలహాకీ సరుకుకీ మధ్య గోడ ఎంత మందమో చూడాలనుకున్నాను. ఆ పని అమ్మాయే చేసింది.)

అమ్మాయి: ఏ కార్డులు?

మామయ్య: ఒకటి జీటీఎక్స్ 1080. ఒకప్పటి రారాజు. ఇంకోటి ఆర్ఎక్స్ 580, 8 జీబీ.

అమ్మాయి: రెండింటిలోనూ రే ట్రేసింగ్ లేదు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట, కార్డులో రే ట్రేసింగ్ లేకపోతే నడవదు. పోయిన ఏడు వచ్చిన డూమ్ కూడా అంతే. ఇవి నెమ్మదిగా ఆడేవి కావు మామయ్యా, ఆడనే ఆడవు. పైగా ఆ 580 ఎక్కడిది? 2022 సెప్టెంబరు 15న ఎథీరియం మైనింగ్ ఆగిపోయింది. ఆ మర్నాటి నుంచి మైనింగ్ కార్డులన్నీ కడిగి తుడిచి బజారులో పెట్టారు. రాత్రీ పగలూ నడిచిన కార్డో కాదో నువ్వు చెప్పగలవా?

మామయ్య: మైనింగ్ చేసిన ప్రతి కార్డూ పాడవదు. ఫ్యాన్లు మార్చి, పేస్టు మార్చి...

అమ్మాయి: వారంటీ?

మామయ్య: నేను మాటిస్తా.

అమ్మాయి: నువ్వు ఎటూ మాటిస్తావు. బిల్లిస్తావా?

బావమరిది నా వైపు చూశాడు. నేను చట్నీ వైపు చూశాను. కొత్త కార్డుకి మూడేళ్ళ వారంటీ సాధారణం. అది ధరలో ఒక భాగమే. సగం ధరకి వచ్చేది సగం కార్డు అని నాకు అప్పుడు తోచింది గానీ పైకి అనలేదు.

మామయ్య: సరే, కార్డు కొత్తదే. ఒప్పుకున్నా. అయితే నీ ఫ్రీ ఎస్ఎంపీఎస్ సంగతి చూద్దాం. ఫోటో తీశావా?

అమ్మాయి: క్యాబినెట్ వెనక స్టిక్కర్ తీశా. 500 వాట్లని పెద్దక్షరాల్లో ఉంది.

మామయ్య: పెద్దక్షరాలు చదవకు. కింద చిన్న పట్టికలో 12 వోల్టులు అన్న గడి చూడు. ఎన్ని ఆంపియర్లు?

అమ్మాయి: 18.

మామయ్య: గుణించు.

అమ్మాయి: 216. ఆగు, 216 వాట్లేనా?

మామయ్య: ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తినేది ఆ 12 వోల్టుల గీత మీదే. మిగతా వాట్లన్నీ వాళ్ళు 3.3, 5 వోల్టుల దగ్గర కలిపి, పైన కొంత కల్పించి రాసినవి. ఆ 3050 చిన్నది, 70 వాట్లతో బతికేస్తుంది. దానితో ఈ డబ్బా నడుస్తుంది కూడా. కానీ వచ్చే ఏడు పెద్ద కార్డు అన్నావే? అది పెట్టిన రోజు ఈ ఎస్ఎంపీఎస్ తీసి పారేయాలి. నువ్వు గట్టిగా వేసుకున్నానన్న పునాదిలో మొదటి ఇటుకే ఇసుకది.

అమ్మాయి: ... అది నేను చూడలేదు.

మామయ్య: ఓ మే నెలలో ఒకాయన డబ్బా తెచ్చాడు, నేను బిగించింది కాదు. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిందట, టప్‌మని శబ్దం, కాలిన వాసన. విప్పి చూస్తే ఎస్ఎంపీఎస్ తను పోతూ పోతూ బోర్డునీ డిస్కునీ కూడా తీసుకుపోయింది. ఆయన భార్య అడిగింది ఒకటే, పాప పుట్టినప్పటి ఫోటోలు వస్తాయా అని. రాలేదు. చేతిలో పట్టుకుంటే ఆ ఎస్ఎంపీఎస్ ఖాళీ టిఫిన్ డబ్బాలా ఉంది. లోపల ఉండాల్సిన ఫిల్టర్ల చోట వట్టి తీగ ముక్కలు అతికించారు.

అమ్మాయి: అయితే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది చూసి తీసుకుంటే సరి.

మామయ్య: ఆ ముద్ర చెప్పేది ఒకటే, గోడలోంచి లాక్కున్న కరెంటులో ఎంత లోపలికి ఇస్తుంది, ఎంత వేడిగా పోతుంది అని. షార్ట్ అయితే ఆగిపోతుందా, వోల్టేజి ఎగిరితే కాపాడుతుందా అన్నది ఆ ముద్ర పరీక్షే కాదు. ముద్ర ఉండాలి, పేరున్న కంపెనీ ఉండాలి, ఐదేళ్ళ వారంటీ ఉండాలి. 550 వాట్లది నీకు చాలు. వెయ్యి వాట్లు కొని గొప్పలు పోనక్కర్లేదు.

అమ్మాయి: ఒప్పుకున్నా. కానీ లెక్క ఇంకా కుదరలేదు. తెర కావాలి, మంచి ఎస్ఎంపీఎస్ కావాలి, పెద్ద కార్డు కొత్తది కావాలి. 70 వేలల్లో బోర్డుకీ ర్యామ్‌కీ మిగిలేది సున్నా.

మామయ్య: సున్నా చాలు. మీ నాన్న డబ్బా ఎవరు బిగించారు?

అమ్మాయి: నువ్వే. కరోనాలో.

మామయ్య: 2020 ఆగస్టు. అందులో రైజెన్ 3 3200జీ పెట్టా. బోర్డు బీ450. నీ ఆన్‌లైన్ క్లాసులకని, అప్పట్లో ర్యామ్ చవక కాబట్టి, రెండు ఎనిమిదులు వేశా. డీడీఆర్4. ఏ సాకెట్టు అది?

అమ్మాయి: ఏఎమ్4... అయ్యో!

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. అమ్మాయి అరగంట క్రితం పొగిడిన ఐదేళ్ళ సాకెట్టు మా ఇంట్లోనే ఐదేళ్ళుగా నా టాలీ లెక్కలు మోస్తోంది. భవిష్యత్తు చూసి కొనాలన్న వాదన తనది. ఆ భవిష్యత్తును తెలియకుండా కొనిపెట్టింది మేనమామ. ఎవరు గెలిచినట్టో నాకు ఇప్పటికీ తేలలేదు.

మామయ్య: 3200జీ తీసేసి రైజెన్ 5 5600 పెడదాం. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు. కూలర్ డబ్బాలోనే వస్తుంది. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ కొత్తది ఎక్కించాలి, ముందే పీకేస్తే తెర నల్లగా ఉండిపోతుంది. 5600జీ అని ఒకటుంది, పేరు చూసి మోసపోకు. దానిలో క్యాష్ సగమే, 16 ఎంబీ. దీన్లో 32. నీ వాలొరాంట్‌కి కావాల్సింది అదే.

అమ్మాయి: ఆ ర్యామ్ స్పీడు ఎంత?

మామయ్య: 2666.

అమ్మాయి: తక్కువ. 3200 ఉంటే రైజెన్‌కి బాగుంటుంది.

మామయ్య: కొన్ని ఫ్రేములు పోతాయి. ఆ కొన్ని ఫ్రేముల కోసం ఇవ్వాళ్టి ధరకి ర్యామ్ కొంటావా?

అమ్మాయి: వద్దులే. కానీ ఇంకో చిక్కుంది. బీ450 బోర్డులో పీసీఐ మూడో తరం. ఇప్పుడొచ్చే చవక కార్డులు చాలావరకు ఎనిమిది లేన్లవే. ఆర్ఎక్స్ 6600 అంతే, ఆర్‌టీఎక్స్ 4060 అంతే, 5060 కూడా అంతే. కొత్త బోర్డులో ఎనిమిది చాలు. పాత బోర్డులో లేన్ వెడల్పే సగం. కార్డులో 8 జీబీ నిండి పొంగిందనుకో, పొంగిందంతా ఆ సందు గుండా ర్యామ్‌కి పోయి రావాలి. అప్పుడే ఆట కుదుపులు పడుతుంది.

మామయ్య: ఇది నాకు తట్టలేదు. నేను 5060 అందామనుకున్నా.

అమ్మాయి: ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ పదహారు లేన్లది. 16 జీబీ ఉన్నది తీసుకుంటే పొంగడమే అరుదు. 8 జీబీది కూడా ఉంది, పేరు అదే, పెట్టె మీద అంకె చూసుకోవాలి. 160 వాట్లు తింటుంది, నీ 550కి సరిపోతుంది.

మా బావమరిది జేబులోంచి కాగితం తీసి ఆమె చెప్పింది రాసుకున్నాడు. ఇరవై ఏళ్ళ అనుభవం రెండో సంవత్సరం పిల్ల దగ్గర నోట్సు రాసుకోవడం నేను చూసిన కనుమల్లో ఇదే మొదటిసారి. తరవాత అతను మార్కెట్‌లో ఇద్దరికి ఫోన్ చేసి ఆ పూట ధరలు అడిగాడు. ప్రాసెసర్ 12,500. కార్డు 41,000. ఎస్ఎంపీఎస్ 5,200. 24 అంగుళాల 144 హెర్ట్జ్ తెర 9,300. మొత్తం సరిగ్గా 68 వేలు.

అమ్మాయి: ఎస్ఎస్‌డీ? నాన్న దాంట్లో ఉన్నది 240 జీబీ. వూకాంగ్ ఒక్కటే 130 అడుగుతుంది.

మామయ్య: ఏ రకమైనా పర్లేదు, ఆటలకి మూడో తరానికీ నాలుగో తరానికీ తేడా కళ్ళకి ఆనదు. 500 జీబీది 5 వేలు.

అమ్మాయి: 73. నాన్నా...

(పైసా ఎక్కువ లేదన్న మనిషి ఆ క్షణంలో గారె నముల్తున్నాడు. నోటినిండా ఉన్నప్పుడు ఊపిన తల ఒప్పందం కిందికి రాదని వాదించాను గానీ ఎవరూ వినలేదు.)

అమ్మాయి: మరి రంగుల ఫ్యాన్ల క్యాబినెట్?

మామయ్య: ముందు అద్దం బిగించి వెనక ఫ్యాన్లు పెడితే గాలెక్కడి నుంచి లాగుతాయి? మన ఎండలకి ముందు జాలీ ఉండాలి. నా కొట్లో గీతలు పడ్డ జాలీ క్యాబినెట్ ఒకటుంది, అది నా పండగ కానుక. బిల్లివ్వను.

మర్నాడు పొద్దున్నే నా లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని డబ్బాని హాల్లోకి తెచ్చాం. పక్క రేకు విప్పగానే ఐదేళ్ళ దుమ్ము. బావమరిది బ్రష్షుతో దులిపి, లోపల ఒక మూల తన చేతిరాతతో ఉన్న తేదీ చూపించి మురిసిపోయాడు. అమ్మాయి ఫోన్ లైటు వేసి ర్యామ్ స్లాట్ల దగ్గర ఆగింది. నాలుగు స్లాట్లు. రెండు స్టిక్‌లు. రెండూ పక్కపక్కనే, మొదటి దాంట్లో, రెండో దాంట్లో.

అమ్మాయి: మామయ్యా, జోడీ అంటే ఒకటి విడిచి ఒకటి కదా పెట్టాలి? రెండూ, నాలుగూ?

మామయ్య: అవును.

అమ్మాయి: ఇవి రెండూ ఒకే ఛానెల్‌లో ఉన్నాయి.

అతను వంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

మామయ్య: అప్పట్లో కొట్లో ఒక కుర్రాడుండేవాడు. వాడు పెట్టుంటాడు.

అమ్మాయి లైటును చేతిరాత ఉన్న తేదీ మీదికి తిప్పింది.